ఇద్దరిలో రెండో మనిషి

(వికారాబాద్, తాండూరు ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం చెప్పగానే ఇక్కడ కొంతమంది నవ్వారు. పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళాక ఇద్దరికి వండుకోవడం కూడా హక్కుల సమావేశంలో చర్చించాల్సిన సంగతేనా అన్నది ఆ నవ్వులోని ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మనం మామూలుగా బాల్యవివాహాల గురించి, గృహహింస గురించి, కూలి రేట్ల గురించి, భూమి పట్టాల గురించి మాట్లాడతాం. వాటి పక్కన ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. అయితే మనం రోజూ కలుసుకునే స్త్రీలలో ఒక పెద్ద వర్గం ఉంది. నలభై దాటి, అరవైకి అటూ ఇటూగా ఉన్నవాళ్ళు. పిల్లల్ని కని, పెంచి, చదివించి, పెళ్ళిళ్ళు చేసి పంపించినవాళ్ళు. మన సంఘాల్లో లీడర్లు చాలామంది వాళ్ళే. మీటింగులకు నలుగుర్నీ వెంటబెట్టుకొచ్చేదీ వాళ్ళే. కానీ వాళ్ళ కోసం మన దగ్గర ఏ కార్యక్రమమూ లేదు. వాళ్ళకు సమస్యలు తీరిపోయాయని అనుకుంటాం. అది నిజమో కాదో తెలుసుకోవడానికి వాళ్ళ వంటింటి నుంచి మొదలుపెడదాం.

విమల 'వంటిల్లు' కవిత రాసిన నాటినుంచీ తెలుగు స్త్రీవాద సాహిత్యం వంటగదిని ప్రశ్నిస్తూనే ఉంది. అయితే మనం ఎక్కువగా మాట్లాడింది పిల్లలు, అత్తమామలు, ఆడబిడ్డలు అందరూ ఉన్న ఇంట్లో వంట చేసే స్త్రీ గురించి. అందరూ వెళ్ళిపోయి ఆమె, ఆయన మిగిలిన ఇంటి గురించి తక్కువ. పిల్లలు వెళ్ళాక వంటపని దానంతటదే తగ్గిపోతుందనీ, ఆమెకు విశ్రాంతి దొరుకుతుందనీ మనమూ నమ్ముతున్నాం.

ముందుగా ఒక జాగ్రత్త. పిల్లలు వెళ్ళిపోవడం అన్ని ఇళ్ళల్లో ఒకేలా జరగదు. వికారాబాద్ పట్టణంలో టీచర్లు, రైల్వే ఉద్యోగులు, దుకాణదారుల ఇళ్ళల్లో పిల్లలు ఇంటర్ కాగానే హైదరాబాద్ హాస్టళ్ళకు వెళ్తారు. తర్వాత అక్కడే ఉద్యోగం, అక్కడే కాపురం. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో కొడుకు పనికోసం పట్నమో పుణేనో పోతాడు, బిడ్డ పెళ్ళయి సేడం వైపో చించోళి వైపో పోతుంది. పల్లెల్లో కొన్ని ఇళ్ళల్లో వలసపోయేది తల్లిదండ్రులే, ఊళ్ళో ఉండేది పిల్లలూ ముసలివాళ్ళూ. కొన్ని ఇళ్ళల్లో కొడుకూ కోడలూ అదే వాడలో వేరు పొయ్యి పెట్టుకుంటారు. అదీ వెళ్ళిపోవడమే. ఇంకొక సంగతి కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. వాళ్ళ తల్లుల తరంలో చిన్నతనపు పెళ్ళి ఇంకా మామూలు సంగతి. పదహారేళ్ళకు పెళ్ళయి పద్దెనిమిదేళ్ళకు తల్లయిన స్త్రీ నలభై దాటగానే ఇద్దరు మనుషుల ఇంట్లో మిగులుతుంది. అంటే మనం మాట్లాడుతున్నది ముసలితనం గురించి కాదు. ఆమె ముందు ఇంకా ముప్ఫై ఏళ్ళ జీవితం ఉంది.

తాండూరులో ఒకామె నాతో ఇలా అంది: "పిల్లలు పోయిన్రు గని బిడ్డా, చెయ్యి కొలత పోలే." ఇరవై ఏళ్ళు అయిదారుగురికి వండిన చెయ్యి బియ్యం డబ్బాలో పెడితే అదే లెక్కన తీస్తుంది. తవ్వెడు పోసిన చెయ్యికి సోలెడు పోయడం కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య. వంట తెలిసినవాళ్ళకు ఇది తెలుసు. అయిదుగురి కూరను ఇద్దరికి చేయాలంటే అన్నిటినీ ఒకే లెక్కన తగ్గిస్తే కుదరదు. పెద్ద కుక్కర్లో గుప్పెడు పప్పు వేస్తే అడుగంటుతుంది. నీళ్ళు సగం పోస్తే చాలవు, ఎందుకంటే ఆవిరయ్యే నీళ్ళు సగానికి తగ్గవు. చింతపండు, ఉప్పు, కారం మళ్ళీ మొదటినుంచీ చేతికి అలవాటు కావాలి. గిన్నెలు కూడా అంతే. ఇంట్లో ఉన్నవన్నీ పెద్ద గిన్నెలే.

జొన్న రొట్టె లెక్క వేరు. అది మనిషికిన్ని అని లెక్కబెట్టి చేసేది. వేడి నీళ్ళు పోసి పిండి పిసికి, ఒక్కొక్కటే చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన నీళ్ళు అద్ది కాల్చాలి. పది రొట్టెలు నాలుగయితే ఆ మేరకు పని నిజంగానే తగ్గుతుంది. కానీ మిగతా పని? కూరగాయలు తేవడం, తరగడం, పప్పు ఏరడం, నీళ్ళు పట్టడం, పోపు వేయడం, గిన్నెలు తోమడం, పొయ్యి గట్టు తుడవడం ఇద్దరికయినా అయిదుగురికయినా దాదాపు ఒకటే. ఎన్ని రకాలు వండాలనేది తినే నోళ్ళ సంఖ్యను బట్టి నిర్ణయం కాదు. ఆయనకు పప్పూ కూరా రెండూ ఉండాలంటే ఇద్దరికయినా రెండూ వండాల్సిందే. పొద్దున వండింది రాత్రి తినననే మనిషి ఇంట్లో ఉంటే పొయ్యి రెండుసార్లు వెలగాల్సిందే.

చేతులతో చేసే పనికి ముందు తలలో జరిగే పని ఒకటుంది. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్జొరీ డివాల్ట్ 1991లో ప్రచురించిన తన పుస్తకంలో దీన్ని వివరంగా చర్చించింది. ఇంట్లో ఏముంది, ఏం అయిపోయింది, ఎవరికి ఏది పడదు, నిన్న ఏం వండాం, రేపు ఏం వండాలి అని నిరంతరం ఆలోచించడమే కుటుంబానికి తిండి పెట్టడంలో పెద్ద భాగమనీ, ఆ పని ఎవరికీ కనిపించదు గనక దాన్ని పనిగా గుర్తించరనీ ఆమె వాదన. మన దగ్గర ఈ ఆలోచనాభారం పిల్లలు వెళ్ళాక ఇంకో రూపం తీసుకుంటుంది. ఆయనకు షుగరు, బీపీ వస్తాయి. ఒక కూరలో ఉప్పు తగ్గించాలి. మూడు పూటలా అన్నం మానిపించాలి. డాక్టరు చెప్పే పథ్యం ఆయనకే అయినా, వినాల్సిందీ గుర్తుపెట్టుకోవాల్సిందీ ఆమే.

దేశవ్యాప్త కాల వినియోగ సర్వేలు చెప్పేదీ ఇదే. 2019 సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు, ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు గడిపారు. 2024 సర్వేకి స్త్రీలది 289 నిమిషాలయింది, పురుషులది 88 నిమిషాలయింది. అయిదేళ్ళలో గ్యాస్ పొయ్యిలు, మిక్సీలు, కుక్కర్లు పెరిగాయి, కుటుంబాలు చిన్నవయ్యాయి. స్త్రీ పని పది నిమిషాలు తగ్గింది. పురుషుడి పని తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకు వచ్చింది! పని తగ్గడం ఒకటి, పని పంచుకోవడం ఒకటి. మొదటిది జరిగితే రెండోది దానంతటదే జరగదని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. చెయ్యి కొలత కుదరనప్పుడు అన్నం మిగులుతుంది, కూర మిగులుతుంది. మిగిలింది ఎవరు తింటారు? నేను అడిగిన ప్రతి ఇంట్లోనూ జవాబు ఒకటే. రాత్రి అన్నం పొద్దున ఆమె తింటుంది. ఆయనకు వేడిగా మళ్ళీ పెడుతుంది. అన్నం పారేయకూడదన్నది మంచి నీతే. కానీ ఆ నీతి ఇంట్లో ఒక్క మనిషి కడుపు మీదే అమలవుతోంది. పిల్లలున్నప్పుడు మిగిలేది తక్కువ. ఇప్పుడు రోజూ మిగులుతుంది, రోజూ అదే ఆమె తిండి.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యమైనది. ఆయన పెళ్ళికో, కోర్టు పనికో, పొలం పనికో పొద్దంతా బయటికి వెళ్ళిన రోజు ఆమె ఏం వండుకుంటుంది? వికారాబాద్‌లోనూ తాండూరులోనూ, చదువుకున్నవాళ్ళ దగ్గరా చదువుకోనివాళ్ళ దగ్గరా నేను విన్న మాట ఒకటే: "నా ఒక్కదానికి ఏం వండుకుంట?" తొక్కు ఉంటుంది, సద్దన్నం ఉంటుంది, లేకపోతే చాయ్ తాగి పడుకుంటుంది. ఈ మాటను జాగ్రత్తగా వినండి. వంట చేయడానికి కారణం ఎదుటి మనిషి ఆకలి. తన ఆకలి వంటకు కారణం కాదు. మరి అలాంటప్పుడు ఇద్దరు ఉన్న ఇంట్లో నిజానికి ఎంతమందికి వంట జరుగుతోంది? ఆయన ఉంటే వంట ఉంది, ఆయన లేకపోతే వంట లేదు. అంటే ఇది ఇద్దరి వంట కాదు. ఒకరికి వండింది ఇంకొకరు కూడా తినడం. ఇద్దరికి వండుకోవడం నేర్చుకోవడమంటే బియ్యం కొలత తగ్గించడం మాత్రమే కాదనీ, ఆ ఇద్దరిలో రెండో మనిషి తానేనని ఆమె లెక్కబెట్టుకోవడమనీ నేను చెప్పదలుచుకున్నాను.

ఈ లెక్క తప్పితే ఏమవుతుంది? ముందుగా పోయేది పప్పు. పిల్లలు ఎదుగుతున్నారని ఇన్నాళ్ళూ పప్పు, గుడ్డు, పాలు ఇంట్లోకి వచ్చేవి. పిల్లలు వెళ్ళగానే "ఇద్దరమే కదా" అని అవన్నీ తగ్గుతాయి. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. ఆ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజువారీ ఆహారంలో 85 గ్రాముల పప్పుధాన్యాలు లేదా వాటికి బదులు గుడ్డు, మాంసం ఉండాలని చెప్పింది. శాకాహారం తినే ఇద్దరికి లెక్కగడితే నెలకు అయిదు కిలోల పప్పు. మీ ఊళ్ళో ఇద్దరున్న ఏ ఇంట్లోనైనా నెలకు అయిదు కిలోల పప్పు కొంటున్నారా, అడిగి చూడండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి నేలలో సున్నపురాయి ఉంది, ఆ నేల వల్లే ఈ పప్పుకు రుచి అని అందరం గర్వపడుతున్నాం. ఆ కంది చేలల్లో కలుపు తీసింది, కోత కోసింది ఎక్కువగా స్త్రీలే. ఆ పప్పు వాళ్ళ కంచంలోకి ఎంత వస్తోంది అన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు.

రేషన్ కార్డు సంగతి చూడండి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం కార్డు మీద ఇంటి పెద్ద 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో అందరికంటే పెద్దామె. తెలంగాణలో ఆహార భద్రతా కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఇస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. పెళ్ళయిన పిల్లల పేర్లు కార్డులోంచి తీసేశాక ఇద్దరికి 12 కిలోలు, అంటే రోజుకు మనిషికి 200 గ్రాముల బియ్యం. బియ్యం వస్తోంది, మంచిదే. కానీ కార్డు మీద ప్రధానంగా వచ్చేది బియ్యమే. కందికి పేరున్న ఊళ్ళో రేషన్ దుకాణంలో కందిపప్పు లేకపోవడం మనం అడగాల్సిన విషయం. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'అమ్మహస్తం' పథకం కింద 185 రూపాయలకు ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో కందిపప్పు ఉండేది. కాబట్టి ఇది సాధ్యం కాని కోరిక కాదు. చట్టం ఆమెను కార్డు మీద పెద్దను చేసింది. కంచం దగ్గర ఆమె ఇంకా చివరి మనిషే.

ప్రభుత్వం దృష్టిలో స్త్రీ ఆకలికి ఎప్పుడు విలువ ఉందో గమనించండి. గర్భిణిగా ఉన్నప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు అంగన్‌వాడీలో 'ఆరోగ్యలక్ష్మి' భోజనం ఉంది. ఆమె పిల్లలకు బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. రక్తహీనత విషయంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 57.6 శాతం స్త్రీలకు రక్తహీనత ఉందని చెప్పింది. మనం ఆ అంకెను ప్రతి మీటింగులోనూ చెబుతాం. అయితే ఆ పరీక్ష చేసింది 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలకే. అంటే కనే వయసు స్త్రీలకు. యాభై నిండిన స్త్రీ రక్తంలో ఏముందో ఆ అంకెలో లేదు. నలభై తొమ్మిదో ఏట ఉన్న రక్తహీనత యాభయ్యో పుట్టినరోజున పోదు కదా! ఆమె తల్లి అయినంతవరకే లెక్కలో ఉంటోంది. పిల్లలు వెళ్ళాక ఇంట్లో ఆమె తన తిండిని లెక్కబెట్టుకోవడం మానేసినట్టే, బయట ప్రభుత్వమూ ఆమెను లెక్కబెట్టడం మానేస్తోంది.

న్యాయస్థానాల్లో కూడా ఈ ప్రశ్న వచ్చింది. 1989లో జంషెడ్‌పూర్‌లో ఒక వేడుకలో మంటలు రేగి చాలామంది చనిపోయారు, వారిలో గృహిణులు ఉన్నారు. ఆ లతా వాధ్వా కేసులో 2001లో సుప్రీంకోర్టు నష్టపరిహారం నిర్ణయిస్తూ గృహిణి చేసే సేవలకు డబ్బు రూపంలో విలువ కట్టింది. అది ముందడుగే. కానీ వివరాలు చూడండి. 34 నుంచి 59 ఏళ్ళ గృహిణుల సేవలకు సంవత్సరానికి 36,000 రూపాయలు, 62 నుంచి 72 ఏళ్ళ స్త్రీల సేవలకు 20,000 రూపాయలు. వయసు పెరిగితే ఆమె ఇంటిపని విలువ తగ్గుతుందన్న భావన అందులో ఉంది. ఇద్దరికి వంట చేసే చెయ్యి అయిదుగురికి వంట చేసే చెయ్యికంటే చవక అన్నమాట. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో ఇదే కోర్టు, జనగణనలో గృహిణులను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచేయనివాళ్ళ జాబితాలో వేయడాన్ని తప్పుపట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణుల శ్రమ గురించి విడిగా తీర్పు రాశారు. ఆలోచన మారుతోంది. కానీ ఈ తీర్పులన్నీ ఆమె చనిపోయాక వేసిన లెక్కలు. బతికి ఉండగా ఆమె శ్రమకూ ఆమె తిండికీ లెక్క వేయాల్సింది మనం.

నిజానికి పిల్లలు వెళ్ళాక కూడా చాలా ఇళ్ళల్లో వంట ఇద్దరికే జరగదు. వారానికోసారి డబ్బా పోతుంది. తొక్కులు, కారప్పొడులు, ఎండబెట్టిన రొట్టెలు, పండగకు సకినాలు, గారెలు రైల్లోనో బస్సులోనో హైదరాబాద్ చేరతాయి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చాక డబ్బాతోపాటు అమ్మ కూడా పోవడం సులువయింది. ఆ ప్రయాణం ఆమెకు ఆనందమే, కాదనను. అయితే కోడలు డ్యూటీకి పోతే, బిడ్డ ప్రసవానికి వస్తే, మనవడికి జ్వరం వస్తే పిలుపు వచ్చేది ఆమెకే. నగరంలో ఇద్దరూ ఉద్యోగం చేసే కాపురాలు చాలావరకు ఇటువంటి ఊళ్ళ నుంచి వచ్చే తల్లుల జీతం లేని శ్రమ మీద నడుస్తున్నాయి. ఆమె పట్నం పోయిన ఆ నెల రోజులు ఇక్కడ ఆయనకు ఎవరు వండుతారు? పక్కింటి కోడలో, అదే ఊళ్ళో ఉన్న ఆడబిడ్డో. ఒక స్త్రీ పొయ్యి వదిలితే ఇంకో స్త్రీ అందుకుంటోంది తప్ప ఆయన లేచి పొయ్యి దగ్గరికి పోవడం లేదు.

మగవాళ్ళకు వంట రాదంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. మన ఊళ్ళల్లో పెళ్ళి వంటలు చేసేది చాలావరకు మగవాళ్ళే. హోటళ్ళలో గరిటె తిప్పేది మగవాళ్ళే. హైదరాబాద్‌లో గది తీసుకుని చదువుకునే కుర్రాళ్ళు వంతులవారీగా వండుకుంటారు. పెళ్ళయిన మర్నాడు అదే కుర్రాడికి వంట మరిచిపోతుంది. కనుక ఇది చేతకానితనం కాదు, అవసరం లేకపోవడం. ఇంకో సంగతి, ఉద్యోగం చేసిన మగవాడికి అరవైకి అటూ ఇటూగా రిటైర్మెంట్ ఉంది. శాలువా కప్పి, దండ వేసి ఇంటికి పంపిస్తారు. ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నం కూడా ఇంట్లోనే తింటాడు, అంటే ఆమెకు ఒక పూట పని పెరుగుతుంది. ఆమె రిటైర్మెంట్ ఎప్పుడో ఎవరూ చెప్పలేదు.

అయినా ఇద్దరే ఉన్న ఇల్లు మార్పుకు అనువైన చోటు అని నేననుకుంటున్నాను. అత్తగారు లేరు, కోడలు లేదు. మొగుడు పొయ్యి దగ్గర కూర్చుంటే నవ్వే మనిషి ఇంట్లో లేదు. వికారాబాద్‌లో ఒకామె మోకాళ్ళ నొప్పితో రెండు నెలలు మంచాన పడింది. ఆయన పప్పు, అన్నం నేర్చుకున్నాడు. ఆమె లేచాక కూడా రాత్రి వంట ఆయనే చేస్తున్నాడు. కాకపోతే పక్కింటివాళ్ళు వచ్చినప్పుడు గరిటె ఆమె చేతికి ఇస్తాడట! పరవాలేదు. మోకాళ్ళు నొప్పి పెట్టకముందే ఆ నేర్చుకోవడం ఎందుకు జరగదన్నదే మన ప్రశ్న.

అదే ఇంట్లో ఆమెను ఇంకొకటి అడిగాను. అక్కా, మీకేం కూర ఇష్టం అని. ఆమె చాలాసేపు ఆలోచించింది. పెద్దోడికి గుత్తి వంకాయ ఇష్టం, బిడ్డకు చామగడ్డ ఇష్టం, సారుకు పచ్చిపులుసు ఇష్టం అంది. మీకు అని మళ్ళీ అడిగితే, "గది ఎవ్వరూ అడగలే" అంది. ఆకలి మాత్రమే కాదు, రుచి కూడా మనిషికి హక్కే. తన నోటికి ఏది రుచో తెలుసుకునే వెసులుబాటు యాభై ఏళ్ళకు గాని రాకపోతే అప్పుడైనా దాన్ని వాడుకోవాలి.

ఇప్పుడు మనం జాగ్రత్తగా ఉండాల్సిన ఒక పరిస్థితి. ఇద్దరున్న ఇల్లు చివరిదాకా ఇద్దరి ఇల్లుగానే ఉండదు. ఆస్తి పంచుకున్నాక కొన్ని ఇళ్ళల్లో తల్లిదండ్రుల్ని కూడా పంచుకుంటారు. నెలకొకరి దగ్గర వంతు, లేదా తల్లి ఒక కొడుకు దగ్గర, తండ్రి ఇంకో కొడుకు దగ్గర. పొలం పనికి, పిల్లల పనికి, వంటకు పనికొస్తుంది గనుక తల్లిని ముందు అడుగుతారు. ముప్ఫై ఏళ్ళు కలిసి తిన్న ఇద్దరు వేరు కంచాల దగ్గర కూర్చుంటారు. ఆ వంతుల తిండిలో ఆమె అడిగి పెట్టించుకునే స్థితిలో ఉండదు.

దీనికి ఒక చట్టం ఉంది, మనం తక్కువగా వాడుతున్నాం. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. ఇందులో పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. వయోవృద్ధులంటే 60 నిండినవాళ్ళు. కానీ తల్లి లేదా తండ్రిగా అడగడానికి 60 నిండనక్కరలేదు. తన సంపాదనతో, తన ఆస్తితో బతకలేని తల్లి యాభై ఏళ్ళకయినా పిల్లల మీద దరఖాస్తు పెట్టవచ్చు. కొడుకులే కాదు, కూతుళ్ళు కూడా బాధ్యులే. చట్టంలో పేర్కొన్న గరిష్ట పరిమితి నెలకు 10,000 రూపాయలు. దరఖాస్తు ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఆమె స్వయంగా పెట్టుకోలేకపోతే ఆమె అనుమతితో రిజిస్టరయిన స్వచ్ఛంద సంస్థ పెట్టవచ్చు. అంటే ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది ఆ పని చేయవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద పిల్లలకు ఆస్తి రాసిచ్చి, వాళ్ళు చూసుకోకపోతే ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉంది. ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవాలని ముందే చెప్పడం మన పని.

చివరగా, మనం ఏం చేయవచ్చో కొన్ని ప్రతిపాదనలు మీ ముందు పెడతాను.

సంఘం మీటింగులో పొదుపు లెక్కలు అయ్యాక ఒక ప్రశ్న వేద్దాం. నిన్న మీరు ఏం తిన్నారు? ఏం వండారు అని కాదు, ఏం తిన్నారు అని. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు వేరుగా ఉంటాయి. ఆ తేడాను నాలుగు నెలలు నోటు పుస్తకంలో రాసిపెడితే మన దగ్గర మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

యాభై దాటిన స్త్రీలకు హిమోగ్లోబిన్, షుగరు, బీపీ పరీక్షలు ఏడాదికోసారయినా జరిగేలా మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను అడుగుదాం. ఆశా వర్కరు గర్భిణుల జాబితాతోపాటు ఈ జాబితా కూడా ఎందుకు రాయకూడదు?

రేషన్‌లో కందిపప్పు కోసం తాండూరు నుంచే మొదటి వినతిపత్రం వెళ్ళాలి. పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కంది, కొర్ర కలిపి పండిస్తూ, విత్తనం తమ చేతిలోనే ఉంచుకుంటూ దశాబ్దాలుగా పనిచేశాయి. 2019లో వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇంటి తిండి ఊరి పంటతో ముడిపడిన విషయమని వాళ్ళు చేసి చూపించారు. కంది పండించే సంఘ సభ్యురాలు అమ్మే ముందు ఇంటికి ఎంత పప్పు ఉంచుకోవాలో లెక్కవేసుకుంటే, అందులో తన వాటా కూడా వేసుకుంటే, అది ఎవరి అనుమతీ అక్కరలేని మొదటి అడుగు.

మగవాళ్ళతో చేసే మీటింగుల్లో మనం తాగుడు గురించీ కొట్టడం గురించీ మాట్లాడుతున్నాం. ఇకనుంచి రెండు పూటల్లో ఒక పూట వంట గురించి కూడా మాట్లాడదాం. "మీ ఇంటామె ఊరికి పోతే మీరేం తింటారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. జవాబులు వాళ్ళనే చెప్పనివ్వండి.

ఇవేవీ డబ్బు ఎక్కువ అవసరమయ్యే పనులు కావు. ఆయన ఊళ్ళో లేని మధ్యాహ్నం ఒక స్త్రీ తన ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించి, రెండు వేడి రొట్టెలూ గిన్నెడు పప్పూ చేసుకుని కూర్చుని తినగలిగితే అది చిన్న మార్పు కాదు. మీ మీ ఊళ్ళల్లో ఆ పరిస్థితి ఎంతవరకు ఉందో, లేకపోతే ఎందుకు లేదో ఇప్పుడు మీ దగ్గర వినాలనుకుంటున్నాను.